ఓకే ఎన్ని అడుగుల లోతు?

పోయిన ఎండాకాలం మూడు వారాల పాటు మా నాయన ఫోన్లో నాకు ఒకటే మాట చెప్పాడు: "అంతా ఓకే రా." నేను బెంగళూరులో ఉంటాను, ఆయన గోరంట్లలో. మధ్యలో మూడు గంటల దారి. పొద్దున మీటింగుకీ మధ్యాహ్నం భోజనానికీ నడుమ రోజూ ఒక ఐదు నిమిషాల కాల్. "నాయనా, ఎట్లుండావ్?" "ఓకే." "చేను?" "ఓకే." "సరే, ఉంటా." నాలుగో వారం ఊరికి పోయినప్పుడు తెలిసింది. పాత బోరు ఎండిపోయింది. అప్పు తెచ్చి కొత్తది 900 అడుగులు వేయించాడు. దుమ్ము తప్ప ఏమీ రాలేదు. "మరి అంతా ఓకే అంటివి కదా?" అని అడిగాను, కాస్త గట్టిగానే. ఆయన నా వైపు చిత్రంగా చూశాడు. "ఓకేనే గదరా. ఇప్పుడేమాయ?"

నాతో అబద్ధం చెప్పాడని కొన్నాళ్లు బాధపడ్డాను. తర్వాత నిదానంగా ఆలోచిస్తే ఇంకోటి తోచింది. మేమిద్దరం ఒకే శబ్దంతో రెండు వేరే మాటలు మాట్లాడుకుంటున్నాం. ఈ వ్యాసం ఆ రెండు మాటల గురించి. నేను భాషాశాస్త్రం చదువుకోలేదు, చదివింది ఇంజినీరింగ్. కానీ రోజుకు కనీసం యాభై సార్లు ఓకే అని టైప్ చేసేవాడిగా దాని గురించి నాలుగు ముక్కలు రాసే హక్కు నాకూ ఉందనుకుంటాను.

*

ఓకే పుట్టుక మీద కథలకు లెక్కలేదు. అమెరికా ఆదివాసులైన చోక్టాల భాష నుంచి వచ్చిందని ఒక కథ. అధ్యక్షుడు వుడ్రో విల్సన్ దీన్నే నమ్మి, మాటని ఆ భాష స్పెల్లింగుతోనే రాసేవాడు. గ్రీకులో "అంతా బాగు" అనే అర్థమొచ్చే "ఓలా కలా" నుంచి వచ్చిందని ఇంకో కథ. 1960ల్లో అలెన్ వాకర్ రీడ్ అనే పరిశోధకుడు పాత పత్రికలన్నీ తిరగేసి అసలు జాడ పట్టుకున్నాడు. 1839 మార్చి 23న బోస్టన్ మార్నింగ్ పోస్ట్ పత్రికలో ఒక హాస్యపు ముక్క పడింది. అందులో ఓ, కే అని రెండు అక్షరాలు వేసి, పక్కనే "ఆల్ కరెక్ట్" అని అర్థం రాశారు. అచ్చులో మనకు దొరికే మొదటి ఓకే అదే.

అప్పట్లో బోస్టన్ పత్రికల వాళ్లకు ఒక సరదా ఉండేది. మాటల్ని కావాలని తప్పు స్పెల్లింగుతో రాసి, వాటి మొదటి అక్షరాలతో పొట్టి పేర్లు తయారుచేయడం. ఇప్పటి కుర్రకారు వాట్సాప్‌లో చేసే పనే. "ఆల్" అనే మాట ఓ అక్షరంతో మొదలు కాదు. "కరెక్ట్" కే అక్షరంతో మొదలు కాదు. "అంతా సరిగ్గా ఉంది" అని చెప్పే మాటలో ఒక్క అక్షరం కూడా సరిగ్గా లేకపోవడమే అందులోని జోకు. అలాంటి జోకులు అప్పుడు డజన్ల కొద్దీ పుట్టి అంతే వేగంగా పోయాయి. ఇది మాత్రం మిగిలింది.

మిగలడానికి కారణం రాజకీయం. 1840 అధ్యక్ష ఎన్నికల్లో మార్టిన్ వాన్ బ్యూరెన్ మళ్లీ పోటీ చేశాడు. ఆయన సొంతూరు న్యూయార్క్ రాష్ట్రంలోని కిండర్‌హుక్. "ఓల్డ్ కిండర్‌హుక్" అనే ముద్దుపేరుకీ అవే రెండు అక్షరాలు. అనుచరులు ఓకే క్లబ్బులు పెట్టి ఊరేగారు. ఎదుటి పక్షం ఊరుకుంటుందా? వాన్ బ్యూరెన్‌కి గురువులాంటి పాత అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్‌కి స్పెల్లింగులు రావనీ, కాగితాలు మంజూరు చేసేటప్పుడు తప్పుల తడకగా ఓకే అని గీకేవాడనీ ప్రచారం చేసింది. వాన్ బ్యూరెన్ ఎన్నికల్లో ఓడిపోయాడు. ఎదుటివాళ్లు కట్టిన ఆ కథ మాత్రం ఓకేని ఆఫీసు కాగితం మీదికి ఎక్కించేసింది. సరదాగా పుట్టిన మాట సంతకం పక్కన కూచుంది.

అక్కడ్నుంచి టెలిగ్రాఫ్ వాళ్లు దాన్ని అందుకున్నారు. ఇక్కడ కొంచెం ఆగాలి. టెలిగ్రాఫ్ ఆపరేటర్ అవతలి నుంచి వచ్చిన సందేశం విని "ఓకే" అని తిరిగి కొడితే, సందేశం అందింది అని మాత్రమే అర్థం. అది పెళ్లి వార్తైనా ఓకేనే, చావు వార్తైనా ఓకేనే. వార్త మంచిదా చెడ్డదా అన్నదాంతో ఆ మాటకి పనిలేదు. దారి తెగలేదు, తీగ పనిచేస్తోంది, అంతే.

*

పుట్టినప్పుడు ఓకే అంటే నూటికి నూరు. "ఆల్ కరెక్ట్" అంటే తప్పు ఒక్కటీ లేదని కదా. ఇవాళ ఫ్రెండుని "సినిమా ఎట్లుంది?" అని అడిగితే "ఓకే" అంటాడు. వెంటనే మీరు ఆ సినిమా టికెట్ బుక్ చేసుకోరు. ఆ ఓకేకి నూటికి యాభై మార్కులు, అదీ దయదలిస్తే. నూరు యాభై ఎట్లా అయింది?

నాకు తోచిన సమాధానం నా ఉద్యోగంలోంచే వచ్చింది. కాగితం మీద అధికారి ముందు రెండే దారులుంటాయి, ఒప్పుకోవడం, తిప్పి పంపడం. అలాంటి చోట వాడే మాటకి మధ్యరకం ఉండదు. మా భాషలో దాన్ని బూలియన్ అంటాం. అవునో కాదో, అంతే. "సినిమా ఎట్లుంది?" అన్న ప్రశ్న అలాంటిది కాదు. దానికి జవాబుగా అద్భుతం నుంచి దరిద్రం వరకు ఒక పెద్ద నిచ్చెన ఉంది. నిచ్చెన అడిగే ప్రశ్నకి అవును-కాదు మాటతో జవాబు చెబితే, వినేవాడికి "తిప్పి పంపలేదు" అని మాత్రమే అందుతుంది. బాగుంటే బాగుందనేవాడు, అనలేదు. బాగాలేకపోతే బాలేదనేవాడు, అదీ అనలేదు. అంటే మధ్యలో ఎక్కడో ఉంది. మాట అర్థం ఎవరూ మార్చలేదు. దాన్ని నిలబెట్టిన చోటు మారింది, చోటు మారేసరికి విలువ పడిపోయింది.

కంప్యూటర్లు ఈ పాత అర్థాన్ని పట్టుకుని భద్రంగా దాచాయి. 1980ల మొదట్లో ఆపిల్ వాళ్లు లీసా కంప్యూటర్ తయారుచేస్తూ, ఒక బటన్ మీద "చెయ్యి" అనే అర్థంలో "డూ ఇట్" అని రాశారట. రెండు మాటల మధ్య ఖాళీ సరిగ్గా కనపడక, పరీక్షించడానికి వచ్చినాయన దాన్ని "డోల్ట్" అని చదివి, కంప్యూటర్ నన్ను మొద్దు అంటోందేమిటని నొచ్చుకున్నాడట. దాంతో ఆ బటన్ మీద ఓకే అని మార్చారు. ఆ జట్టుకి దగ్గరగా పనిచేసిన ఆండీ హెర్ట్జ్‌ఫెల్డ్ చెప్పిన కథ ఇది. అప్పటి నుంచి ప్రపంచంలో సగం మంది చదవకుండానే ఆ బటన్ నొక్కుతున్నారు. నొక్కినవాడికి అంగీకారం ఉందా, విసుగు ఉందా అని బటన్‌కి తెలియదు.

వెబ్‌సైట్ తెరిచినప్పుడు అంతా సవ్యంగా జరిగితే సర్వర్ వెనక్కి పంపే సంకేతం "200 ఓకే". టెలిగ్రాఫ్ ఆపరేటర్ ఓకే లాంటిదే, అడిగింది అందింది, జవాబు ఇచ్చాను అని. మా వాళ్లు కొందరు బద్ధకంగా కోడ్ రాస్తారు. అప్పుడు సర్వర్ పైకి "200 ఓకే" అంటుంది, లోపల విప్పి చూస్తే "ఎర్రర్" అని ఉంటుంది. పైన మాత్రమే చూసే మానిటరింగ్ బోర్డు మీద అన్నీ పచ్చ దీపాలే. ఎక్కడా ఎర్ర దీపం వెలగదు కాబట్టి ఇలాంటి తప్పు బయటపడటానికి వారాలు పడుతుంది.

మా నాయన బోరు సంగతి బయటపడటానికి మూడు వారాలు పట్టింది.

*

ఓకే వచ్చి మన "సరే"ని తినేసిందని బాధపడేవాళ్లు ఉన్నారు. నేను ఆ జట్టులో లేను. తెలుగు ఒప్పుకోలు మాటల్ని ఒక వరుసలో పెట్టి చూస్తే, ఓకే వచ్చింది ఖాళీ ఇంటికి కాదని తెలుస్తుంది. అప్పటికే ఆ ఇంట్లో బోలెడు మంది ఉన్నారు.

అందరికంటే పెద్దది "ఒప్పు". పాత కావ్యాల్లో ఒప్పడం అంటే తగి ఉండటం, అందంగా ఉండటం. పిల్లల ఆటలోని ఒప్పులకుప్పలో ఉన్నది ఆ అందమే. తగినది కాబట్టి సరైనది, అందుకే తప్పు-ఒప్పు. సరైనదని లోపలికి తీసుకుంటే ఒప్పుకోవడం. ఇద్దరు తీసుకుంటే ఒప్పందం. బడిలో పాఠం ఒప్పజెప్పడం, పనిని వేరేవాళ్ల చేతిలో పెడితే ఒప్పజెప్పడం. చివరికి "తప్పు ఒప్పుకున్నాడు" అంటాం, తప్పూ ఒప్పూ పక్కపక్కన కూచుని ఒక మనిషి తల దించుకున్న బొమ్మ గీస్తాయి. అందం దగ్గర మొదలై నేరం ఒప్పుకోవడం దాకా నడిచిన మాట ఇది. ఓకే నూటఎనభై ఏళ్లలో ఇంత దూరం నడవలేదు.

తర్వాత "సరి". ఇది లెక్కల మాట, సమానం అని. సరి-బేసి, సరిసమానం.  లెక్క తేలితే సరిపోయింది. మా వైపు గట్టు దాటితే కన్నడ దేశం, అక్కడా సరి సరేనే, ఇంకా కింద తమిళంలోనూ అంతే. "సరే" అన్నప్పుడు మనం నిజానికి "నీ మాటా నా మాటా తూకం కుదిరింది" అంటున్నాం. అదే "సరిపోయింది!" అని గొంతు మార్చి అంటే సర్వనాశనమైందని అర్థం. ఇంత పాత మాటకి ఈ గడుసుతనం ఉండటం న్యాయమే.

ఆ తర్వాత వచ్చినవి కచేరీ మాటలు, అరబ్బీ, పారశీకాల నుంచి వచ్చినవి. మంజూరు అంటే మొదట "చూడబడినది" అని. అయ్యగారి కంట పడింది, ఇక ఆమోదం అయినట్టే. ఖాయం అంటే నిలబడినది. ఖరారు అంటే కుదురుకున్నది. వీటన్నిట్లోకీ నాకు ఇష్టమైనది "పర్వాలేదు". పర్వా అంటే పట్టింపు, చింత. పర్వాలేదంటే చింతించే పనిలేదని. ఇవాళ "కథ పర్వాలేదు" అంటే ఫస్ట్ క్లాసుకు కొంచెం తక్కువని. అంటే ఓకే నూటికి నూరు నుంచి కిందికి జారి మధ్యలో ఆగితే, పర్వాలేదు చింత లేకపోవడం నుంచి పైకి పాకి అదే మధ్యలోకి చేరింది. వేరే దారుల్లో వచ్చిన రెండు బస్సులు ఒకే స్టాండులో ఆగినట్టు.

ఓకే తెలుగులో దిగినప్పుడు ఎక్కడ చోటు దొరికింది? నేను గమనించినంతలో, మొదట మంజూరు, ఖాయం కూచున్న బెంచీ మీద. "లోను ఓకే అయింది." "సంబంధం ఓకే అయింది." "షాట్ ఓకే." "హీరో కథ ఓకే చేశాడు." ఇక్కడ ఓకే గట్టి మాట. సంబంధం ఓకే అయిందంటే నూటికి యాభై అని ఎవరూ అనుకోరు, పందిరికి అడ్వాన్సు ఇస్తారు. రెండోది పర్వాలేదు పక్క సీటు: "బిర్యానీ ఓకే", "ఇంటర్వ్యూ ఓకే", మరీ అనుమానముంటే "ఓకే ఓకే". నా తరం, ముఖ్యంగా ఇంగ్లీషులో ఆఫీసు నడిపేవాళ్లం, ఈ రెండో సీటు దగ్గరే ఎక్కువ తిరుగుతాం. మా నాయన తరం మొదటి బెంచీ వదల్లేదు. పైగా ఓకేకి మన తోకలన్నీ వచ్చాయి: ఓకేనా, ఓకేలే, ఓకేగానీ, ఓకేనే. సరేకి ఉన్న సణుగుడంతా దానికీ వచ్చింది. కన్యాశుల్కంలో గిరీశం నోట్లో ఇంగ్లీషు ఒక హోదా, ఎదుటివాణ్ని తికమక పెట్టే సాధనం. మా నాయన నోట్లో ఓకే అలాంటిది కాదు. ఆయనకది ఇంగ్లీషని గుర్తు కూడా ఉండదు.

కాబట్టి ఆయన "ఓకే" అన్నప్పుడు చెప్పిందేమిటంటే: నేను మంజూరు చేసుకున్నాను. బోరు పోయింది, అప్పు అయింది, నేను దాన్ని చూశాను, లోపలికి తీసుకున్నాను, ఇక దాని మీద నువ్వు చేసేదేమీ లేదు. నేను విన్నదేమో: పరిస్థితి మధ్యరకంగా ఉంది, కంగారు లేదు.

*

ఒప్పుకోలు గురించి మాట్లాడుతూ మా సీమ ఒకప్పటి పేరు తలుచుకోకుండా ఉండలేను. మైసూరు యుద్ధాల్లో టిప్పు నుంచి తన వాటాకి వచ్చిన ఈ ప్రాంతాన్ని 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చేశాడు. కంపెనీ సైన్యం ఖర్చు కింద. అందుకే సీడెడ్ జిల్లాలు, తెలుగులో దత్తమండలాలు అన్నారు. దత్తం అంటే ఇవ్వబడినది. ఇచ్చినవాడు ఓకే అన్నాడు, పుచ్చుకున్నవాడు ఓకే అన్నాడు. చిత్రావతి ఒడ్డున దున్నుకునేవాణ్ని ఎవరూ ఏమీ అడగలేదు. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు రాయలసీమ అనే పేరు పెట్టేదాకా, ఒక ప్రాంతం మొత్తం "ఇచ్చేశారు" అనే విశేషణాన్ని నెత్తిన మోసింది. సినిమా పంపిణీ వాళ్లు ఇప్పటికీ మోస్తున్నారు. "సీడెడ్‌లో కలెక్షన్లు ఓకే" అన్న వాక్యం చదివినప్పుడల్లా నాకు అందులో రెండు వందల ఏళ్ల రెండు ఒప్పుకోళ్లు కనిపిస్తాయి.

ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూఇటూ వాన పడే నేల మీద ఒప్పుకోవడం ఒక నైపుణ్యం. విత్తనం వేశాక మేఘం పోతే ఒప్పుకోవాలి. శెనక్కాయ ధర పడిపోతే ఒప్పుకోవాలి. దీన్ని ఓర్పు అని మెచ్చుకోవడం సులభం. కానీ నాకు ఆ మెచ్చుకోలు మీద ఈమధ్య అనుమానం పట్టుకుంది. ఒప్పుకోవడం బాగా వచ్చినవాళ్లని అడగడం మానేస్తాం. వాళ్లు ఎట్లాగూ ఓకే అంటారు కదా.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. బెంగళూరులో మేం పదిమందిమి నెలకోసారి కలిసి తెలుగు కథలు చదువుకుంటాం. రెండేళ్ల కిందట అనంతపురం కరువు మీద ఒక కథ చదివాం. అందులో రైతు దాదాపు ఏమీ మాట్లాడడు. అప్పిచ్చినాయన వస్తాడు, ఇతను తలాడిస్తాడు. కూతురు ఏదో అడుగుతుంది, "అట్లేలే" అంటాడు. నా వంతు వచ్చినప్పుడు నేను "కథ ఓకే, పాత్ర లోతుగా లేదు" అన్నాను. అక్కడివాణ్ని నేనే కాబట్టి అందరూ తలూపారు. ఇప్పుడనిపిస్తుంది, ఆ "అట్లేలే" 900 అడుగులు ఉండింది, నేను పైనున్న దుమ్ము చూసి వచ్చేశాను. సింగమనేని నారాయణ, చిలుకూరి దేవపుత్ర, బండి నారాయణస్వామి లాంటి మా సీమ రచయితల్ని మళ్లీ చదవడం మొదలుపెట్టాను. ఈసారి మనుషులు ఎక్కడ ఏడుస్తారా అని కాకుండా ఎక్కడ ఒప్పుకుంటారా అని చూస్తూ. ఇది పెద్ద సిద్ధాంతమేమీ కాదు, ఒక చిన్న చదివే పద్ధతి. సంభాషణలో "సరే" కనపడగానే, ఇతని ముందు రెండో దారి ఉందా అని అడుగుకోవడం. లేకపోతే ఆ సరే అంగీకారం కింద లెక్క రాదు. టెలిగ్రాఫ్ తీగ మీద వచ్చిన ఓకే లాంటిదది, సందేశం అందింది అంతే.

విమర్శ రాసేవాళ్లం, కథల కింద కామెంట్లు పెట్టేవాళ్లం కూడా ఓకే అనే మాటని కొంచెం అనుమానించాలి. "కథ ఓకే" అనేది అభిప్రాయంలా వినిపిస్తుంది. నిజానికి చదవడం పూర్తయిందని చెప్పే రసీదు.

*

ఓకే నడక ఇంకా ఆగలేదు. 1960ల చివర్లో థామస్ హారిస్ అనే డాక్టర్ "నేను ఓకే, నువ్వు ఓకే" అనే పేరుతో రాసిన మనస్తత్వ పుస్తకం లక్షల్లో అమ్ముడయింది. కాగితాల మీద ఉండే ఓకే మనుషుల మీదికి అప్పుడు ఎక్కింది. 2020లో మన వాళ్లంతా లాక్‌డౌన్‌లో చూసిన కొరియన్ సీరియల్ పేరు, ఓకేగా లేకపోవడం కూడా ఓకేనే అని. ఈ వాక్యంలో మొదటి ఓకేకీ రెండో ఓకేకీ అర్థం వేరు. మొదటిది స్థితి, రెండోది అనుమతి. నూటఎనభై ఏళ్లు కలిసి తిరిగిన రెండు అర్థాలు ఒక్క వాక్యంలో ఎదురుబొదురు నిలబడ్డాయి. "దట్ ఈజ్ నాట్ ఓకే" అని మా ఆఫీసులో అమ్మాయిలు గట్టిగా అన్నప్పుడు, ఆ మాట మళ్లీ తప్పు-ఒప్పు దగ్గరికి, నూటికి నూరు దగ్గరికి తిరిగి వచ్చినట్టుంటుంది. ఓకేకి గౌరవం తెచ్చింది దాని ముందు చేరిన "కాదు" అనే మాట. కాదనే వీలున్న చోటే ఔననడానికి విలువ.

ఇది మా నాయనకి ఎట్లా చెప్పాలో నాకు తెలియలేదు. సీరియల్ పేరు తెలుగు చేసి చెబితే నవ్వుతాడు. అందుకని నా ప్రశ్న మార్చుకున్నాను. "ఎట్లుండావ్" అని అడగడం మానేశాను. దానికి ఓకే తప్ప జవాబు రాదు. "ఈరోజు ఎన్ని సాళ్లకు నీళ్లు పారినాయి?" అని అడుగుతున్నాను. "మాత్ర పొద్దున వేసుకున్నావా, రాత్రా?" అని. "వడ్డీ ఈ నెల ఎంత కట్టినావ్?" అని.

మొదటి రోజు ఫోన్లో చాలాసేపు చప్పుడు లేదు. తర్వాత, "కట్టలేదురా" అన్నాడు.

ఆయన నోట మొన్న ఎండాకాలం నుంచీ నేను విన్న మొదటి "లేదు" అది. "సరే నాయనా" అన్నాను. ఆ సరేలో ఎంత తూకం ఉందో నేనింకా లెక్క వేసుకుంటున్నాను.